తోక లేని అన్న

తిరువళ్లూరులో స్కాను తీసే చోట ఒక అమ్మాయి నా చేతికి కాగితమూ పెన్నూ ఇచ్చి, "నింపండి తాతా, మీకు ముందు ఇంకా ముగ్గురుండారు" అంది. నాలుగు నెలలుగా నా కుడిచెయ్యి వణుకుతోంది. తల లోపల ఫోటో తీయించుకుని రమ్మన్నాడు డాక్టరు. కాగితానికి ఒక వైపు అరవం, ఇంకో వైపు ఇంగ్లీషు. పేరు, వయసు, ఒంట్లో ఎక్కడైనా ఇనుము పెట్టారా, అన్నీ అరవంలోనే నింపుకుంటూ పోయాను. చివరి వరస దగ్గర ఆగిపోయాను. మీ కుటుంబంలో ఎవరికైనా నరాల జబ్బు గానీ మనసు జబ్బు గానీ ఉందా? ఉంటే వారు మీకేమవుతారు?

"ఉంది" అని రాసి పక్క గడి ఖాళీగా వదిలేశాను. అమ్మాయి వంగి చూసింది.

"ఎవరికి తాతా?"

"మా అన్నకు."

"సొంత అన్ననా?"

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. అది ఆమె అడగాల్సిన ప్రశ్నే. అంతలో లోపలి నుంచి ఎవరో పిలిస్తే, "రాసి పెట్టండి, వచ్చి తీసుకుంటా" అని వెళ్లిపోయింది. గోడ వెనక మిషను మొదలైంది. డగ డగ డగ డగ అని, కాసేపు ఆగి, ఇంకో తీరుగా టక్ టక్ టక్ అని. బోరు బండి చప్పుడు. అన్న పోయి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో ఎన్ని బోర్ల చప్పుడు విన్నానో. కానీ ఆ గోడ పక్కన ఆ బెంచీ మీద విన్నప్పుడు మాత్రం పెన్ను పక్కన పెట్టేశాను.

అన్నను తలుచుకుంటే ముందు నా కళ్ల ముందుకొచ్చేది తన చూపుడు వేలు. మనం ఏదైనా అడిగితే వెంటనే బదులు చెప్పేవాడు కాదు. వేలు పైకెత్తి 'ఉండు' అన్నట్టు పట్టేవాడు. తన తల లోపల మాట్లాడేవాళ్లు ఆపేదాకా ఆగి, అప్పుడు వేలు దించి మనకు జవాబిచ్చేవాడు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదని మర్యాద. ఆ మర్యాదలో పావు వంతు కూడా ఊరు తన పట్ల చూపలేదు. మెంటలన్నారు. అరవం వాళ్లన్నారు, తెలుగు వాళ్లన్నారు. ఏబీసీడీలు రానివాళ్లు కూడా ఆ ఒక్క ఇంగ్లీషు మాట మాత్రం శ్రద్ధగా నేర్చుకుని మరీ అన్నారు.

అన్నకు ఇరవై దాటాక మొదలైంది. వినిపించే గొంతులు అరవంలో మాట్లాడేవి. ఇంట్లో మాదంతా తెలుగు. బడి, బస్సు, రేషన్ షాపు అరవం. "తిట్టేవాళ్లన్నా మనోళ్లు దొరకలేదురా నాకు" అనేవాడు. నేను అడిగితే తర్జుమా చేసి చెప్పేవాడు.

"ఇప్పుడేమంటాండారన్నా?"

"మోటరు ఆపలేదంటాండారు."

చేనికి పరుగెత్తిపోయి చూస్తే ఆపే ఉండేది. వగరుస్తూ తిరిగొచ్చి, "ఆపే ఉండాది కదన్నా" అంటే, "నాకు తెలుసు. వాళ్లకు చెప్పు" అనేవాడు.

కొన్నిసార్లు సగం చెప్పి ఆపేసేవాడు. "ఇంగా ఏమో అన్నార్లే. అది నీకు చెప్పేది కాదు." మాత్రలు వేసుకుంటే ఆ గొంతులు దూరం పోయేవి గానీ పూర్తిగా పోలేదు. నలభై ఏళ్లకు పైగా తను విన్న చెడ్డ మాటలన్నీ తన దగ్గరే ఆపుకున్నాడు, నా దాకా ఒక్కటీ రానివ్వలేదు. అవి ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదట్లో అందరిలాగే మావాళ్లూ గుళ్లూ గోపురాలూ తిప్పారు. ఆడినెలలో పెరియపాళయం అమ్మవారి దగ్గరికి తీసుకుపోయి వేపాకు చీర కట్టించి ప్రదక్షిణ చేయించారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "ఎట్టుండాదన్నా?" అని అడిగాను. ఒంటికంటిన వేపాకు ఒక్కొక్కటే గిల్లి పారేస్తూ, "అమ్మవారిది అరవం, వీళ్లదీ అరవం. వాళ్లూ వాళ్లూ బాగానే మాట్లాడుకున్నారు. నన్ను అడిగినోళ్లు లేరు" అన్నాడు.

ఊరి జనానిది ఇంకో వింత. మెంటలని నవ్వినవాళ్లే బోరు వేయించే ముందు తన దగ్గరికి వచ్చేవాళ్లు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిస్తే, నీళ్లున్న చోట టెంకాయ నిలబడుతుందని మా వైపు నమ్మకం. మామూలు మనిషి పట్టుకుంటేనే నిలబడేది, ఏవో వినపడే మనిషి పట్టుకుంటే ఇంకెంత గురి ఉంటుందోనని వాళ్ల ఆశ. అన్న ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. "నాకు వినపడేది మనుషులప్పా, నీళ్లు కాదు" అని టెంకాయ తిరిగి ఇచ్చేసేవాడు. ఒకాయన పట్టు విడవకపోతే టెంకాయ అక్కడే పగలగొట్టి తలా ఒక చిప్ప పెట్టాడు. "ఇందులో నీళ్లున్నాయి. ఇది మాత్రం ఖాయం."

సెల్‌ఫోన్లు వచ్చాక అన్నకు పెద్ద సుఖం దొరికింది. పనికిరాని ఫోను ఒకటి సంపాదించుకున్నాడు. సిమ్ము లేదు, చార్జి లేదు. రోడ్డు మీద గొంతులు మొదలైతే దాన్ని చెవికి పెట్టుకుని అరవంలో బదులు చెప్పుకుంటూ నడిచేవాడు. ఎవరూ తిరిగి చూసేవాళ్లు కాదు. తిరుత్తణి బస్టాండులో నిలబడి చుట్టూ చూపించి, "చూడరా, ఊరంతా నా మాదిరి అయిపోయినారు" అన్నాడు. ఆ రోజు చాలా సంతోషంగా ఉన్నాడు.

నేను ఐదో తరగతితో బడి వదిలినవాణ్ణి. అది అరవం బడి. ఈ తెలుగు అక్షరాలు అన్న పెట్టినవి. కాలువ కట్టేసినప్పుడు అడుగున మెత్తటి ఒండ్రు ఉంటుంది. దాని మీద చెరకు ముక్కతో రాసి దిద్దించేవాడు. 'అ' తర్వాత వరసలోకి పోలేదు, నేరుగా 'న', దాని కింద ఇంకో 'న'. నేను మొదట నేర్చుకున్న మాట 'అన్న'. "ముందు నా పేరు నేర్చుకో. తక్కినవి నిదానంగా వస్తాయి" అన్నాడు. అవి వచ్చాయి. ఆ తర్వాత నేను చదివినవన్నీ, మెదడు గురించీ వంశంలో జబ్బులు దిగే తీరు గురించీ లైబ్రరీలో కూర్చుని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివినవి కూడా, ఆ ఒండ్రు మీది నుంచి వచ్చినవే. ఐదో తరగతోడికి ఇవన్నీ ఎందుకని ఒక డాక్టరు నా ముందే నర్సుతో ఇంగ్లీషులో అన్నాడు. నాకు అర్థం కాదనుకున్నాడు.

ఇంక ఆ తోక సంగతి చెప్పాలి.

అన్న మా అమ్మ కడుపున పుట్టలేదు. మా పెదనాయన కొడుకు. పెదనాయనా పెద్దమ్మా ఒకే ఏడాది పోయారు. అన్నకు అప్పటికి రెండేళ్లు. మా అమ్మే పెంచింది. నేను పుట్టినప్పుడు తనకు నాలుగేళ్లు. బడి రికార్డులోనూ రేషన్ కార్డులోనూ తండ్రి పేరు మా నాయనదే, తల్లి పేరు మా అమ్మదే. మా జేజి, నాయన వాళ్ల అమ్మ, ఇంట్లో ఒక కట్టడి పెట్టింది. ఎవరడిగినా అన్న అని ఊరుకోవాలి. పెదనాయన కొడుకు అనకూడదు. "అన్న అంటే అన్నే. దానికి తోకెందుకు?" అనేది. ఒకసారి ఊరికి కొత్తగా వచ్చిన కోడలెవరో, "ఈ పిల్లోడు మీ పెద్దోడి కొడుకు కదత్తా" అంటే, జేజి చేతిలోని చేట కింద పెట్టి, "తోక పశువుకుంటాది. మాకుండేది ఇద్దరు పిల్లోళ్లు" అంది. నాకు పన్నెండేళ్లు వచ్చేదాకా ఆ సంగతే తెలియదు. తెలిశాకా అది తెలిసినట్టు ఉండేది కాదు.

ఆ తోక తగిలించింది నేను.

మా అమ్మాయిని చూసుకోవడానికి పాండూరు నుంచి వచ్చారు. మంచి సంబంధం, పిల్లవాడు బుద్ధిమంతుడు. వాళ్లు వరండాలో కూర్చుని ఉండగా అన్న లేత టెంకాయలు కొట్టి పళ్లెంలో పెట్టుకుని తెచ్చాడు. ఎవరూ చెప్పకుండానే తెల్ల చొక్కా వేసుకున్నాడు. పళ్లెం దించి, పిల్లవాడి మేనమామ ఏదో అడిగితే, వేలెత్తి పట్టాడు. ఆయన ఆ వేలు చూశాడు. అన్న కళ్లు ఎక్కడో ఉండటం చూశాడు. నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "ఈయన మీ సొంత అన్ననా?" అన్నాడు.

"మా పెదనాయన కొడుకు" అన్నాను. అది చాలలేదు నాకు. "వేరే ఇల్లు" అని కూడా అన్నాను.

అన్న వేలు దించాడు. మేనమామకు జవాబు చెప్పాడు. టెంకాయలు మా చెట్టువే అని. ఖాళీ పళ్లెం తీసుకుని పోయాడు.

సంబంధం కుదిరింది. అమ్మాయి ఇప్పటికీ పాండూరులో చల్లగా ఉంది. అన్న ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నన్ను రేయ్ అనడం మానలేదు, భోజనంలో నా పక్కన కూర్చోవడం మానలేదు. ఒక్కటే మారింది. చేని నుంచి వచ్చేటప్పుడు వీధి వాకిట్లోంచి రావడం మానేసి, పక్క సందులోంచి చుట్టి వచ్చి పెరటి తలుపు తట్టేవాడు. నేను దాన్ని గమనించడానికే ఏడాది పట్టింది. గమనించాక అడగడానికి నోరు రాలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, తిరుత్తణిలో మాత్రలు తెచ్చుకునే చోట ఒక అమ్మాయి మమ్మల్ని పట్టుకుంది. మద్రాసులో ఏదో పరిశోధన. మనసు జబ్బు ఉన్నవాళ్లవీ, వాళ్ల తోడబుట్టినవాళ్లవీ మెదడు ఫోటోలు తీసి, రక్తం తీసి పోల్చి చూస్తారట. అరవం అమ్మాయి, మెత్తటి మనిషి. అన్నతో మాట్లాడేటప్పుడు అన్న ముఖంలోకే చూసి మాట్లాడింది. నేను ఒప్పుకున్నది అందుకే. వీపు వెనక ఇంగ్లీషులో మాట్లాడే రకం కాదు.

"కూడప్పిరంద అన్ననా?" అని అడిగింది నన్ను. తోడబుట్టినవాడేనా అని.

"ఆమా" అన్నాను, అవునని. జేజి చెప్పించిన పాఠం. రేషన్ కార్డు చూపించాను. పైగా పాండూరు వాళ్ల ముందు నేనన్న మాటకు ఇదొక చెల్లు అని కూడా మనసులో ఉంది. అబద్ధం చెబుతున్నానని క్షణం కూడా తోచలేదు.

అన్నకు ఒక్కటే సందేహం. "ఇద్దరి ఫోటోలూ ఏం చేస్తారు పాపా?"

"పక్కపక్కన పెట్టి చూస్తాం అయ్యా."

"పక్కపక్కనే?"

"ఆమాం అయ్యా."

"అయితే వస్తాం."

ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చి వంశం పటం గీసింది. మగవాళ్లకు నాలుగు పక్కల చతురం, ఆడవాళ్లకు సున్న, జబ్బున్నవాళ్లకు లోపల నలుపు. దగ్గర చుట్టాలు పెళ్లాడితే జంట గీత. మా అమ్మమ్మ పెళ్లాడింది తన మేనమామను. ఇంకో పక్క అక్క కూతుర్ని చేసుకున్నవాళ్లు. గీసి గీసి ఆ అమ్మాయి పెన్సిలు కింద పెట్టి, "ఇది పటమా, చేపల వలా అయ్యా?" అంది. ఇంట్లోంచి వెళ్లిపోయి తిరిగి రాని మా మేనమామకు నలుపు పూసింది. అన్నకు పూసింది. నన్ను ఖాళీగా వదిలింది. మా ఇద్దరి చతురాలూ ఒకే గీతకు పక్కపక్కన వేలాడుతున్నాయి. అన్న తల వంచి చూసి, "మా జేజీ ఇదే అనేది. చిన్నోడు తెలుపు, పెద్దోడు నలుపు అని" అన్నాడు. ఆ అమ్మాయికి తర్జుమా చేసి చెప్పేసరికి నవ్వు ఆపుకోలేకపోయింది.

మద్రాసుకు రైల్లో పోయాం. ముందు నన్ను మిషన్లో పెట్టారు, తర్వాత అన్నను. భయపడతాడేమోనని నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. బయటికి వచ్చి, మిషను నడిపే అతన్ని పట్టుకుని, "ఎన్ని అడుగులు దింపినారు?" అన్నాడు. అతను తెల్లబోయాడు. "నీళ్లు పడినాయా, లేకపోతే మా పడమటి చేను మాదిరి ఉత్త దుమ్మేనా?" పడమటి చేన్లో మేము మూడు బోర్లు వేసి మూడూ పోగొట్టుకున్నవాళ్లం. నేను నవ్వితే అన్న నవ్వలేదు, నిజంగానే జవాబు కావాలన్నట్టు నిలబడ్డాడు.

తర్వాత వరండాలో కూర్చుని చెప్పాడు. "ఆ చప్పుడుకు వాళ్లు నోరు మూసుకున్నారురా. తీసినంతసేపూ ఒక్కణ్ణే ఉన్నా."

"బాగుండిందా అన్నా?"

"ఏమో. తోడు లేనట్టుండింది."

ఫోటోలు మామూలుగా చూపించరట. పక్కపక్కన పెడతామన్నారు కదా, చూడకుండా పోనని అన్న కదల్లేదు. చివరికి చిన్న వయసు డాక్టరొకడు జాలిపడి తెర ముందు కూర్చోబెట్టాడు. రెండుగా చీల్చిన కాలీఫ్లవర్ పువ్వుల్లాగా, బూడిద రంగులో, రెండు తలలు. అన్న కళ్లు చిట్లించి చూశాడు.

"ఇందులో నాది ఏది డాక్టరూ?"

"ఎడమ పక్కది."

"కింద పేరు లేకపోతే మీకు తెలుస్తాదా?"

ఆ డాక్టరు దాటేసి ఉండవచ్చు. దాటేయలేదు. అతని మీద నాకు ఇప్పటికీ గౌరవం. "తెలియదు అయ్యా. ఒక మనిషిది చూసి చెప్పలేం. చాలామందివి ఈ పక్కా చాలామందివి ఆ పక్కా పోగేసి లెక్క కడితే ఎక్కడో పిసరంత తేడా కనబడుతుంది. అది మీలో ఉండొచ్చు, లేకపోవచ్చు. మీ తమ్ముడిలో కూడా ఉండొచ్చు."

"రక్తంలో తెలుస్తాదా?"

"అదీ అంతే. తప్పు ఒక్క చోట ఉండదు. ఎన్నో చోట్ల కొంచెం కొంచెం. అందరిలోనూ కొన్ని ఉంటాయి."

"అయితే చూసేదానికి ఇద్దరిదీ ఒకటే."

"చూసేదానికి ఒకటే."

అన్న అప్పటిదాకా అరవంలో మాట్లాడుతున్నవాడు నా వైపు తిరిగి తెలుగులోకి వచ్చాడు. "ఇన్నావా? ఒకటేనంట."

నా పెళ్లి ఫోటోల్లో అన్న లేడు. ఆ రోజు తోడుగా ఒక మనిషిని పెట్టి చేనిలో ఉంచారు. మా అమ్మాయి పెళ్లి ఫోటోల్లోనూ లేడు. అది ఎవరు చేసిన పనో వేరే చెప్పక్కర్లేదు. మేమిద్దరం పక్కపక్కన ఉన్న ఫోటో జన్మలో ఆ ఒక్కటే. తిరుగు రైల్లో పట్టాభిరామ్ స్టేషను దాటేదాకా అన్న వేలెత్తలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఆరేడు నెలలకు ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. అదే పటం తెచ్చుకుంది. మరోసారి సరిచూసుకోవడానికే అంది. కాఫీ తాగింది. కప్పులోకి చూస్తూ, "అయ్యా, మీ నాయనగారికి రెండు పెళ్లిళ్లేమైనా ఉన్నాయా?" అంది.

"లేదు."

"మీ అమ్మగారికి... ముందు ఏమైనా..."

నేను చదివినవాణ్ణి. రక్తం ఏం చెప్పి ఉంటుందో అప్పుడు తట్టింది. ఒకే తల్లిదండ్రుల పిల్లలకు కలవాల్సినంత మా ఇద్దరికీ కలవలేదు. అందులో సగమే కలిసింది. తల్లో తండ్రో ఎవరో ఒకరు వేరై ఉండాలని వాళ్ల లెక్క. అంటే ఈ పిల్ల మా అమ్మ గురించి అడుగుతోంది. వంటింట్లో పొయ్యి దాటి ఎరగని మా అమ్మ గురించి. లేచి నిలబడ్డాను. "లే బయటికి" అన్నాను. "ఇంటికొచ్చి కాఫీ తాగి, పోయిన మనిషిని అనుమానిస్తావా? తోడబుట్టినవాళ్లమని చెప్పలేదా నీకు? ఏ రక్తం చెప్పింది నీకు, ఏ మిషను చెప్పింది?" ఆ అమ్మాయి కప్పు కింద పెట్టేసింది. క్షమించండి అయ్యా, క్షమించండి అయ్యా అంటోంది.

పెరటి తలుపు దగ్గర నుంచి అన్న వచ్చాడు. వేలెత్తలేదు.

"ఆ పాపను కసరొద్దురా" అన్నాడు. ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "నేను వీళ్ల పెదనాయన కొడుకునమ్మా. మా అమ్మ వీళ్ల అమ్మకు సొంత అక్క. అక్కచెల్లెళ్లు ఇద్దరూ అన్నదమ్ములిద్దర్ని చేసుకున్నారు. రెండు పక్కలా కలుస్తాం కాబట్టి నీకు సగం వచ్చుంటాది." నన్ను చూపించి, "వీడికీ తెలుసులే. పాండూరోళ్లు వచ్చినప్పుడు వీడే చెప్పినాడు" అన్నాడు.

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. మా అమ్మ మీద మాట పడకుండా ఆపడానికి తన దగ్గరున్న ఒకే ఒక సాక్ష్యం చూపించాడు. అది నేను ఇచ్చిన సాక్ష్యమే. నేను నిలబడిన చోటే నిలబడ్డాను. కూర్చోవడానికి కూడా నాకు హక్కు లేనట్టనిపించింది.

ఆ అమ్మాయి రబ్బరుతో మా ఇద్దరినీ కలిపిన గీత చెరిపేసింది. అన్నకు వేరే గీత గీసి పైకి తీసుకుపోయింది.

"ఆ ఫోటోలు ఇంగ పక్కపక్కన ఉండవా?" అన్నాడు అన్న.

"వేరే వరసలో పెట్టాలి అయ్యా. జతగా పెట్టకూడదు."

అన్న తల ఊపాడు. "ఇప్పుడు మేమిద్దరం యాడ కలుస్తాం ఇందులో?"

ఆమె పెన్సిలు మొనతో పైన చూపించింది. ఒక పక్క జేజీ తాతా, ఇంకో పక్క అమ్మమ్మా తాతా. అన్న తన నల్ల చతురం మీద వేలు పెట్టి, గీత వెంట మెల్లగా పైకి పోయి, అక్కడి నుంచి కిందికి దిగి నా ఖాళీ చతురం దగ్గర ఆపాడు.

"చుట్టు దోవ" అన్నాడు నాతో. "చేరేది ఒకటే ఇల్లు."

ఆమె వెళ్లిపోయాక నేను చెప్పాలనుకున్నాను. "అన్నా, ఆ రోజు పాండూరోళ్ల ముందర..." అని మొదలుపెట్టాను. అన్న వేలెత్తాడు. ఉండు. నేను ఆగాను. చాలాసేపు ఆ వేలు దిగలేదు. నిజంగా లోపల ఎవరైనా మాట్లాడారో, నన్ను ఆ మాట అననివ్వకుండా కాపాడాడో నాకు తెలియదు. ఎట్టకేలకు దించి, "మోటరు ఆపినావా?" అన్నాడు.

"ఆపినానన్నా."

"సరి."

ఆ తర్వాత కూడా నేను రెండు మూడు సార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ ఆ వేలు లేచేది. నాలుగేళ్ల కిందట మామూలు జ్వరంలో పోయాడు. నేను ఇప్పుడు పెరటి తలుపు గడియ పెట్టను. ఎందుకని ఇంట్లో అడిగితే గాలికని చెబుతాను.

వంశం పటంలో ఆ తోక ఉండాలి. అది లేకపోతే వాళ్ల లెక్క తప్పుతుంది, ఎవరికో రేపు అందాల్సిన మందు అందదు. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, రక్తం మీదా లేదు. వాళ్లు నిజం కోసం పెట్టారు ఆ తోక. నేను ఎందుకు పెట్టానో నాకు తెలుసు.

స్కాను అమ్మాయి తిరిగొచ్చి కాగితం తీసుకుంది. గడిలో నేను రాసింది చూసి, అటు తిప్పి ఇటు తిప్పింది.

"ఇదేంది తాతా, తెలుగా? మేం మాట్లాడేదే, చదవను రాదు. ఏమని రాసినారు?"

"అన్న."

"సొంత అన్నేనా? డాక్టరుకు చెప్పాల."

"డాక్టరుకు పెదనాయన కొడుకని చెప్పుకో తల్లీ. అమ్మ వైపూ చుట్టరికమే అని చెప్పు. అంతా చెప్పు. ఆయనకది కావాల. కాగితంలో నేను రాసింది మాత్రం కొట్టేయబాక."

ఆమె నన్నొకసారి చూసింది. నా అక్షరాల కింద చిన్నగా ఇంగ్లీషులో ఏదో రాసుకుంది. నావి అట్లాగే ఉంచింది. వణికే చేత్తో రాసినవి, ఒండ్రు మీద రాసినట్టే వంకరగా ఉన్నాయి.

లోపల పడుకోబెట్టి కదలొద్దన్నారు. చప్పుడు మొదలైంది. ముందు మెత్తగా, మట్టిలో దిగినట్టు. తర్వాత గట్టిగా, రాయి తగిలినట్టు. అన్న సరిగ్గానే చెప్పాడు. ఆ చప్పుడులో ఇంకే గొంతూ వినపడదు. అయినా చెవులు పెట్టుకునే పడుకున్నాను, తెలుగులో ఎవరైనా రేయ్ అంటారేమోనని.

బయటికి లాగాక అమ్మాయి నా భుజం పట్టి లేపి కూర్చోబెట్టింది. నేను అడగాలని అడగలేదు, నోట్లోంచి వచ్చేసింది.

"నీళ్లు పడినాయా అమ్మా?"

"దాహమైందా తాతా?" అని ఆ పిల్ల బల్ల మీది బాటిల్ తెచ్చి మూత తీసింది. నా చెయ్యి వణుకుతోందని తనే పట్టుకుంది. తాగాను.